సున్నా బీపీ

వైద్యరంగంలో డేటా సైన్స్ నేర్చుకునేవాళ్లలో చాలామంది చేతికి మొదట వచ్చేది పీమా డయాబెటిస్ పట్టిక. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లోనూ అదే, అమెరికా యూనివర్సిటీలోనూ అదే. అరిజోనాలో ఫీనిక్స్ దగ్గర ఉండే పీమా తెగ ఆడవాళ్ల వివరాలవి. 768 వరసలు, ఒక్కో వరస ఒక్కో మనిషి. ఎవరికి షుగర్ వస్తుందో ముందే చెప్పాలి. పది లైన్ల కోడ్ రాస్తే మోడల్ తయారవుతుంది, నూటికి దాదాపు డెబ్బై అయిదు సార్లు సరిగ్గా చెబుతుంది. పిల్లలు సంబరపడతారు.

అప్పుడు ఎనిమిదో వరస పైకి చదవమంటాను. 29 ఏళ్లావిడ. పదిసార్లు గర్భం. గ్లూకోజ్ 115. బీపీ 0. బతికున్న మనిషికి బీపీ సున్నా ఏమిటి? ఇన్సులిన్ కూడా 0. కొలత లేనిచోట సున్నా వేసేశారన్నమాట. ఒక్క ఇన్సులిన్‌కే ఇలాంటివి 374 ఉన్నాయి, దాదాపు సగం. కంప్యూటరు కాదనదు, ఆ సున్నాలనూ కలిపేసి సగటు తీసి ఇస్తుంది. వాటిని తీసేసి వేరే అంకె నింపడం ఎవరైనా నేర్పుతారు. అసలు ఆ పరీక్ష ఎందుకు జరగలేదో అడగడం అలవాటు చేయడమే కష్టం. అక్కర్లేదనుకున్నారా? ఆవిడ మళ్లీ రాలేదా? జవాబును బట్టి ఆ గడిని ఏం చేయాలో మారిపోతుంది.

అడగకపోతే ఏమవుతుందో 1990లలో అమెరికాలో జరిగిన న్యుమోనియా పరిశోధన చూపించింది. రోగుల్లో ఎవరిని ఆస్పత్రిలో ఉంచాలి, ఎవరిని ఇంటికి పంపొచ్చు అన్నది ప్రశ్న. ఉబ్బసం ఉన్నవాళ్లకు చావు ముప్పు తక్కువని డేటా నుంచి మోడల్ నేర్చుకుంది. రికార్డుల్లో అది నిజమే. ఉబ్బసం అనగానే డాక్టర్లు నేరుగా ఐసీయూలో చేర్చేవారు, అందుకే బతికారు. మోడల్ మాట నమ్మి ఇంటికి పంపి ఉంటే ప్రాణాలు పోయేవి. ప్రయత్నించిన మోడళ్లన్నిటికన్నా కచ్చితంగా చెప్పిన న్యూరల్ నెట్‌వర్క్‌ను ఆ బృందం రోగుల మీద వాడకుండా పక్కన పెట్టింది, లోపల ఇలాంటివి ఇంకేం నేర్చుకుందో కనబడదు కనుక. ఆ బృందంలోని రిచ్ కరువానా 2015లో ఈ సంగతంతా మళ్లీ వివరంగా రాశారు. ఆ నెట్‌వర్క్‌ను పక్కన పెట్టడమే ఈ రంగంలో నేను అన్నిటికన్నా గౌరవించే నిర్ణయం.

అందుకే నా దగ్గర ప్రాజెక్టు చేసేవాళ్లను ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపుతాను. బీపీ పట్టీ ఎవరు కడుతున్నారు, వచ్చినావిడను కాసేపు కూర్చోబెట్టి చూశారా, అంకె అప్పుడే రాశారా, రద్దీ తగ్గాక రాశారా? ఇవన్నీ నోటుబుక్కులో రాసుకొచ్చాకే ల్యాప్‌టాప్ తెరవడం.