ష్మిట్ లెక్క

శాస్త్రీయ నిర్వహణను గురించి ఫ్రెడరిక్ టేలర్ 1911లో ప్రకటించిన గ్రంథంతో తెలుగు పాఠాలు చెప్పుకునే నాకేమి పని అని మిత్రులు అడగవచ్చు. అందులో ఒక కథ ఉన్నది. ఏ కథనైనా పరీక్షించినట్టే దాన్నీ పరీక్షించాలంటాను.

అమెరికాలో బెత్లెహాం ఉక్కు కంపెనీ, 1899వ సంవత్సరం. 92 పౌన్ల దుక్క ఇనుము దిమ్మలను చేతులతో ఎత్తి రైలుపెట్టెల్లో వేసే కూలీ రోజుకు 12½ టన్నులు మోసి, 1 డాలరు 15 సెంట్లు పుచ్చుకుంటున్నాడు. ష్మిట్ అనే ఒకణ్ణి ఎంచి, ఎత్తమన్నప్పుడు ఎత్తి, కూర్చోమన్నప్పుడు కూర్చుంటే 1 డాలరు 85 సెంట్లు ఇస్తామన్నారు. సాయంత్రానికి 47½ టన్నులు! కూలి 60 శాతం పెరిగిందని రచయిత సంబరం. భాగించి చూడండి: టన్నుకు 9 సెంట్ల పైన ఉన్నది 4 సెంట్ల లోపుకు దిగింది. ఈ ఆక్షేపణ టేలర్ ఎరగనిది కాదు. లాభంలో సరుకు కొనే ప్రజలకూ పాలుందంటాడు. అంతకన్న ఎక్కువ ఇస్తే కూలీలు దుబారాకు, సోమరితనానికి అలవాటు పడతారనీ అంటాడు. యజమానుల విషయంలో ఆయనకీ భయం కలిగినట్టు లేదు.

నన్ను ఎక్కువగా ఆపింది పాత్రచిత్రణ. ష్మిట్‌ను టేలర్ ఎద్దుతో పోల్చాడు. నోట యాసమాటలు పెట్టాడు. ఆ ష్మిటే చిన్న స్థలం కొని, పనికి ముందూ పని తర్వాతా సొంత ఇంటి గోడలు కట్టుకుంటున్నాడని అక్కడే వ్రాశాడు! స్థలం కొన్నవాడికి టన్నుకెంత అని లెక్కవేయడం రాదా? రచయిత అడగనివ్వలేదు. ఈ కథలో చాలా భాగం కల్పనేనని 1974లో పరిశోధకులు చూపారు. ఆ మనిషి అసలు పేరు హెన్రీ నోల్.

మన అభ్యుదయ కథకులనూ ఇక్కడే నిలదీయాలి. పీసు రేటు పనివాళ్ళు మనకు దూరంలో లేరు. నిజామాబాదు జిల్లాలో ఆడవాళ్ళు ఇళ్ళలో బీడీలు చుట్టి, వెయ్యికింత అని కూలి తెచ్చుకుంటారు. బాగాలేవని తీసిపారేసిన బీడీల కూలి తగాదాల కోసం 1966 నాటి బీడీ కార్మికుల చట్టంలో ప్రత్యేకంగా నిబంధన పెట్టవలసి వచ్చింది. పోరాటమంతా లెక్క దగ్గర జరుగుతున్నది. నేను చదివిన చాలా కథల్లో మాత్రం ఆమె దగ్గుతుంది, ఏడుస్తుంది, చివరి పేరాలో జెండా పట్టుకుంటుంది. జాలి ఉన్నది గాని పాత్ర ఎద్దుగానే మిగిలింది. ఆకు ఎంత తూచి ఇచ్చారు, అందులో చిల్లుల ఆకెంత, తక్కువైన ఆకును ఎవరి డబ్బుతో కొన్నది—ఒక్క ప్రశ్నా ఆమె నోట వినపడదు.