పడమటి కిటికీ

మా మామయ్య గదికి మెరూన్ రంగు పరదాలు వేయించినప్పుడు ఇంట్లో అందరికీ నచ్చాయి. షాపులో ట్యూబులైట్ల కింద రంగు చూశాం. సోఫా గలీబు ముక్క పక్కన పెట్టి చూశాం. బట్ట మందం వేళ్ల మధ్య నలిపి చూశాం, మందంగా ఉంటే ఎండను ఆపుతుందని నమ్మాం. కిటికీ ఏ దిక్కున ఉందో షాపులో ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

మే నెలలో మన మిర్యాలగూడలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. మూడున్నర కాగానే మామయ్య దిండు చంకన పెట్టుకుని హాల్లోకి వచ్చేవారు. "పరద ఉన్నది గానీ బిడ్డా, అది గూడ పొయ్యి లెక్కనే ఉన్నది" అనేవారు. వెళ్లి ముట్టుకుంటే నిజంగానే ఇస్త్రీపెట్టె కింద నుంచి అప్పుడే తీసిన బట్టలా ఉండేది. గది చీకటిగా ఉంది కానీ చల్లగా లేదు. ఎనభై ఏళ్ల మనిషికి మధ్యాహ్నం కునుకు లేకుండా చేసింది నేను ఇష్టపడి ఎంచిన బట్టే. ఆ బాధ నన్ను చాలా రోజులు వదల్లేదు.

సాగర్ రోడ్డు పక్క సందులో పరదాలు కుట్టే దర్జీ ఒకాయన ఉన్నారు. కొలతలు తీసుకోమని పిలిస్తే వచ్చి, టేపు జేబులోంచి తియ్యకుండానే కిటికీ తెరిచి బయటికి చూశారు. సజ్జ చూశారు, ఎదురింటి గోడ చూశారు. "అక్కా, ఎండ ఎన్నింటికి వస్తది, ఎంత దూరం వస్తది, ఎప్పుడన్న చూసినవా?" అని అడిగారు. చూడలేదన్నాను. గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క నా చేతిలో పెట్టారు. "ఒక్క దినం గంట గంటకు ఎండ ఆగిన కాడ గీత గియ్యి. బట్ట ముచ్చట అటెన్క."

ఆ రోజంతా ఇంట్లో నేల మీద గీతలే. తూర్పు కిటికీ ఎండ పదింటికల్లా గోడ వైపు ముడుచుకుపోయింది. దక్షిణపు కిటికీలోకి చుక్క ఎండ రాలేదు. పడమటి గదిలో మాత్రం రెండింటికి గోడ పక్కన మొదలైన గీత, నాలుగున్నరకు మామయ్య మంచం దాటి అవతలి గోడకు చేరబోయింది. దాదాపు పదకొండు అడుగులు. మాకున్న అడుగున్నర సజ్జ ఏం చేస్తున్నట్టు? లెక్క తరవాత తెలిసింది. మే నెలలో ఆ వేళకు సూర్యుడు నేల నుంచి 28 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అంత వాలిన ఎండకు అడుగున్నర సజ్జ ఇచ్చే నీడ పది అంగుళాలు కూడా దిగదు. నాలుగున్నర అడుగుల ఎత్తున్న కిటికీలో మిగతాదంతా ఎండకే.

మరి మందపాటి పరద ఎందుకు ఓడిపోయింది? ఎండ అప్పటికే అద్దం దాటి ఇంట్లోకి వచ్చేసింది. పరద దాన్ని ఆపింది, ఆపి తానే కాగింది. కాగిన గుడ్డ నుంచి వచ్చే వేడిని అద్దం తిరిగి బయటికి పోనివ్వదు. ముదురు మెరూన్ రంగు వల్ల ఆ కాగడం ఇంకా ఎక్కువైంది. పరద వెనక, అద్దం వైపు, తెల్లటి లైనింగ్ ఉండి ఉంటే కొంత వెలుగైనా వెలుగుగానే వెనక్కి పోయేది. అన్నిటికంటే మేలు ఎండను అద్దం ముట్టకముందే ఆపడం. అంటే తెర కిటికీకి బయట ఉండాలి.

ఈ సంగతి మన పెద్దలకు తెలుసు. వెదురు తెరలు వరండా అంచున వేలాడేవి, గది లోపల కాదు. వట్టివేళ్ల తడికలు గుమ్మానికి బయట కట్టి నీళ్లు చల్లేవారు. అక్బరు కాలంలో వట్టివేళ్లతో గదులే కట్టించిన సంగతి ఐన్-ఇ-అక్బరీలో ఉంది. సముద్రపు ఒడ్డున, గాలిలో తేమ ఉన్నచోట ఆ తడికలు అంత పనిచేయవు. మన నల్లగొండ వడగాలికి మాత్రం సరిగ్గా సరిపోతాయి, ఎండు గాలి కాబట్టి నీరు వెంటనే ఆరి చల్లదనం ఇస్తుంది. అద్దాల కిటికీలు, ఏసీలు వచ్చాక తెరను లోపలికి తెచ్చుకుని అలంకారం చేసుకున్నాం. అది తప్పని అనను. పడమటి కిటికీకి మాత్రం అది చాలదు.

మామయ్య కిటికీకి బయట, సజ్జ కింద, చుట్టి పైకి కట్టుకునే వెదురు తెర వేయించాం. లోపల తెల్ల లైనింగుతో పలచని నూలు పరద. రెండింటికి తెర దించుతారు, ఆరింటికి ఎత్తుతారు. ఆ పని మామయ్య ఎవరికీ ఇవ్వరు.

ఇక మన ఊరికి ఎండతో పాటు ఇంకో బెడద ఉంది. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఈ నేల వరిమాగాణి అయింది. వరి వెంట మిల్లులు వచ్చాయి, మిల్లుల వెంట ఊక వచ్చింది. ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్లలో కాలేది ఊకే. ఆ ఊక నుసి గాలివాటున ఏ ఇంటి కిటికీకైనా వస్తుంది. పట్టీలు పట్టీలుగా ఉండే బ్లైండ్లు బొమ్మల్లో ముచ్చటగా ఉంటాయి కానీ, ప్రతి పట్టీ మీదా నల్లటి పొర పేరుకుంటుంది, ఒక్కొక్కటే తుడవాలి. వెల్వెట్ నుసిని పట్టుకుంటే వదలదు. మిల్లుల వైపు ఉన్న కిటికీకి నా మాట ఒకటే: మీ ఇంటి వాషింగ్ మిషన్‌లో పట్టని పరద కొనకండి. పిల్లలున్న ఇంట్లో బ్లైండ్ల తాడు ఉచ్చులా వేలాడనివ్వకండి. అమెరికాలో సిద్ధంగా అమ్మే బ్లైండ్లకు 2018 డిసెంబరు నుంచి తాడు లేకుండా, లేదా పిల్లల చేతికి అందకుండా చేయాలన్న ప్రమాణం వచ్చింది, చిన్నపిల్లల మెడకు చుట్టుకున్న ఘటనల వల్లే.

కొలతలకు రెండోసారి వచ్చినప్పుడు దర్జీ పక్కన కూర్చుని లెక్క నేర్చుకున్నాను. నాలుగడుగుల వెడల్పు కిటికీకి రాడ్డు అయిదడుగులు, అటూ ఇటూ ఆరేసి అంగుళాలు ఎక్కువ. పరద పక్కకు జరిపితే గోడ మీదికి పోవాలి, గాలికి అడ్డం రాకూడదు. అయిదడుగులంటే 60 అంగుళాలు. కుచ్చిళ్లు పడాలంటే బట్ట దానికి రెట్టింపు, 120 అంగుళాలు ఉండాలి. పన్నా 48 అంగుళాలైతే రెండు పన్నాలు చాలవు, మూడు కావాలి. బట్ట మిగులుతుందని చాలామంది రెండుతోనే సరిపెడతారు. పరద మూసినప్పుడు దుప్పటి ఆరేసినట్టు బల్లపరుపుగా ఉండేది అందుకే. నేల దాకా దిగే పరదకు పొడవు 90 అంగుళాలు, పైనా కిందా మడతలకు 12. మూడు పన్నాలకు కలిపి ఎనిమిది మీటర్లు. మగ్గం నూలుబట్ట అయితే ముందు తడిపి ఆరేశాకే కత్తెర పెట్టాలి. "కుట్టినంక తడిపితే పరద గుంజుకుంటది, కింద జానెడు కిటికీ కనబడుతది" అన్నారాయన.

రోడ్డు వైపు హాలు కిటికీకి కొయ్యలగూడెం చిటికి బట్ట ఎంచాను. మన ఉమ్మడి నల్లగొండ జిల్లా మగ్గం పని అన్న మక్కువ ఉంది, నిజమే. కానీ అసలు కారణం వేరు. అచ్చు వేసిన బట్టకు రంగు ఒక వైపే పండుతుంది, వెనక వెలిసినట్టుంటుంది. చిటికిలో నేతకు ముందే నూలును కట్టి అద్దుతారు. రంగు దారం లోపలికంటా ఉంటుంది కాబట్టి బట్ట రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. లైనింగ్ లేని పరదకు ఇంతకంటే ఏం కావాలి? ఇంట్లోవాళ్లకు ఎంత అందంగా కనిపిస్తుందో రోడ్డు మీద పోయేవాళ్లకూ అంతే.

వేసవిలో ఎండ తగలని దక్షిణపు కిటికీకి పెడన కలంకారీ. సూర్యాపేట, కోదాడ మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి చివరికి చేరేది బందరుకే, పెడన దాని పొరుగునే ఉంది. 17వ శతాబ్దంలో ఆ తీరపు అద్దకం బట్టలు ఓడలెక్కి యూరప్‌లో మంచాల చుట్టూ తెరలుగా, గోడలకు వేలాడే గుడ్డలుగా మారాయి. వాటి మీద మోజు ఎంత పెరిగిందంటే, తమ నేతగాళ్లకు దెబ్బ అని 1686లో ఫ్రాన్స్ నిషేధం పెట్టింది. 1759 దాకా ఎత్తలేదు. సముద్రాలు దాటి అంతటి రాజ్యాన్ని భయపెట్టిన బట్ట మన ఇంటి కిటికీకి కట్టుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. కలంకారీ ఎర్రా నీలం వెలుగును ఓర్చుకుంటాయి, చెట్టు రంగుల్లో పసుపు త్వరగా వెలుస్తుంది. అందుకే దానికి వేసవి ఎండ పడని కిటికీ ఇచ్చాను.

వంటింటికి గుడ్డ వద్దనుకున్నాం, గ్యాస్ పొయ్యి కిటికీ పక్కనే ఉంది. స్నానాల గది పక్క కిటికీకి మా అమ్మ ఇంట్లోలాగే స్ప్రింగు తీగ మీద సగం పరద. అమ్మ పాత నూలు చీరలు చింపి కుట్టేది. కింది సగం చాటు, పై సగం గాలీ వెలుతురూ. ఒక్క తీగా రెండు కొక్కేలతో అయ్యే పనికి ఇంతకంటే మంచి ఉపాయం నేనింకా చూడలేదు.

నేను ఈ కాలమ్ రాసే బల్ల ముందున్న ఉత్తరపు కిటికీకి మాత్రం ఇంకా ఏమీ కట్టలేదు. ఉత్తరం నుంచి ఎండ రాదు కదా అనే అనుకున్నాను. కానీ మన ఊరు భూమధ్యరేఖకు దాదాపు 17 డిగ్రీల ఉత్తరాన ఉంది. మే మొదటివారంలో సూర్యుడు నడినెత్తికి వచ్చి, తరవాత మూడు నెలలు ఉత్తరం వైపు జరిగి నడుస్తాడు, ఆగస్టు మొదటివారంలో గానీ వెనక్కి రాడు. జూన్ 21న అస్తమించేది నేరుగా పడమట కాదు, దాదాపు 25 డిగ్రీలు ఉత్తరానికి జరిగి. మొన్న సాయంత్రం అయిదున్నరకు ఈ కాగితాల మీద సన్నటి ఎండ చార ఒకటి పడింది. రోజూ కొంచెం వెడల్పవుతోంది. దర్జీకి ఫోను చేస్తే జూన్ దాటేదాకా ఆగమన్నారు. సుద్దముక్క బల్ల సొరుగులోనే ఉంది.