ఆయకట్టు ఎక్కువ, నీటిరాక తక్కువ: ఉచిత కంప్యూటరు భాషల పోషణ

నల్లమల అంచున ఉన్న ఆత్మకూరులో ఒక ఉన్నత పాఠశాల విద్యార్థి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను తన కంప్యూటరులో ఎక్కించుకొనుటకు ఒక్క పైసా చెల్లించనక్కరలేదు. ఆ భాషను నడిపించే సోర్సు కోడును, అనగా దాని మూలగ్రంథాన్ని, తెరచి చదువవచ్చును, తన అవసరాన్నిబట్టి మార్చుకొనవచ్చును, ఇతరులకు పంచిపెట్టవచ్చును. ఇట్టివానిని ఓపెన్ సోర్సు భాషలంటారు. బడిపిల్లవానికి ఎంత హక్కు ఉన్నదో, కోట్లు గడించే కంపెనీకి కూడ అంతే హక్కు ఉన్నది. ఈ ఏర్పాటు ఎంతో ఉదారమైనది. అయితే దీనిని నిలబెట్టుటకయ్యే ఖర్చును ఎవరు భరిస్తున్నారు? ఈ ప్రశ్నకు దొరికే సమాధానం తృప్తికరంగా లేదు.

రాయలసీమవారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. చెరువు అందరిదీ, కట్టకు గండిపడిననాడు మట్టి మోసేది ఎవరన్నదే చిక్కు. కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువును బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించి, క్రీ. శ. 1369లో శాసనం వేయించాడు. దినమునకు వేయిమంది కూలీలు, రాతిని తోలుటకు నూరు బండ్లు, రెండేండ్లపాటు పని చేసినట్లు అందులో ఉన్నది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండరాని ఆరు దోషాలను కూడ ఆ శాసనం పేర్కొన్నది. ఆ దోషాలలో మూడు ఇక్కడ మనకు పనికివస్తాయి. తడపవలసిన భూమి విస్తారమై నీటిరాక స్వల్పంగా ఉండడం ఒకటి. కట్టలోనుండి నీరు ఊరి కారిపోవడం ఒకటి. చెరువు రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం మరొకటి. పైథాన్ భాష పోషణను ఈ మూడు గీటురాళ్లపై పరీక్షించి చూడవచ్చును.

మొదటిది నీటిరాక. నెదర్లాండ్సు దేశీయుడు గీడో వాన్ రోసమ్ 1989 చివరలో ఈ భాషను ప్రారంభించాడు. 1991లో అది లోకానికి విడుదలయినది. 2001లో దీని సంరక్షణకు పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడినది. నేడు సి.బి.ఎస్.ఇ. 11, 12 తరగతుల కంప్యూటరు సైన్సులో ఈ భాషనే నేర్పుతున్నారు. పరిశోధనాలయాలు, బ్యాంకులు, గూగుల్ వంటి మహాసంస్థలు దీనిని వాడుకొంటున్నవి. ఇంత ఆయకట్టును కాపాడే సంస్థకు, 2025లో అది స్వయంగా చెప్పిన ప్రకారం, సంవత్సరానికి సుమారు 50 లక్షల డాలర్ల బడ్జెటు, 14 మంది సిబ్బంది మాత్రమే ఉన్నారు. భాషను దిద్దేవారిలో అధికసంఖ్యాకులు స్వచ్ఛందంగా పనిచేసేవారే. భాష విడుదలయిన ముప్పై ఏండ్లకుగాని, అనగా 2021కిగాని, దిద్దుబాట్లను చూచుటకు సంస్థ ఒక పూర్తికాలపు ఉద్యోగిని నియమించలేకపోయినది. ఆ జీతానికి కూడ గూగుల్ ఇచ్చిన విరాళమే ఆధారమయినది.

రెండవది కట్ట ఊట. పైథాన్ క్రొత్త కూర్పు ప్రతి సంవత్సరం అక్టోబరులో వెలువడుతుంది. వెలువడిన ప్రతి కూర్పును అయిదేండ్లపాటు కనిపెట్టి ఉండాలి. అందుచేత ఏనాడు చూచినా సుమారు అయిదు కూర్పులలోని రంధ్రాలను పూడ్చే పని ఏకకాలంలో సాగుతూనే ఉంటుంది. ఈ భాషాసంఘాల వార్తలను గమనించేవారికి ఒక లోపం కనబడుతుంది. క్రొత్త హంగులకు, సభలకు, దాతల పేర్లకు దొరికే చోటు ఈ పూడికపనికి దొరకదు. వార్తకెక్కని పనికి విరాళం కూడ సులభంగా రాదు.

దీని ఫలితం పి.హెచ్.పి. అనే మరొక భాషలో స్పష్టంగా బయటపడినది. 2003లో ప్రారంభమయిన మన తెలుగు వికీపీడియా నడిచేది ఈ భాషతోనే. నికితా పోపోవ్ అనే యువకుడు 2011లో, ఇంకను పాఠశాల విద్యార్థిగా ఉన్నప్పుడే, ఈ భాషను దిద్దడం మొదలుపెట్టి క్రమంగా దానికి మూలస్తంభమయినాడు. 2021 చివరలో అతడు వేరొక పనికి మళ్లుతున్నాడని తెలియగానే, ఇక దీనిని చూచేవారెవరనే ఆందోళన కలిగినది. అప్పుడుగాని, అదే సంవత్సరం నవంబరులో, కంపెనీలు కొన్ని చేరి పి.హెచ్.పి. ఫౌండేషనును స్థాపించలేదు. వరద వచ్చిన తరువాత కట్ట తలపునకు వచ్చినట్లయినది.

మూడవది పొలిమేర దోషం. ఈ భాషలు ఏ ఒక్క దేశానివీ కావు. వాని ధనం మాత్రం ఎక్కువగా ఒక దేశంనుండి వస్తున్నది. ప్రపంచమంతటా జరిగే సభలకు, శిక్షణ శిబిరాలకు పైథాన్ సంస్థ సహాయమిస్తూ వచ్చినది. హైదరాబాదులో 2018, 2023 సంవత్సరాలలో జరిగిన పైకాన్ ఇండియా ఇట్టి సభలకు మనవద్ద ఉదాహరణ. 2025 ఆగస్టులో ఆ సంవత్సరపు నిధి ముందుగానే హరించిపోవడంచేత సంస్థ ఈ సహాయాన్ని నిలిపివేసినది. అదే సంవత్సరం అక్టోబరులో మరొక సంగతి జరిగినది. భాషకు భద్రత పెంచుటకై అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషనునుండి రాదగిన 15 లక్షల డాలర్ల గ్రాంటును సంస్థ వదులుకొన్నది. వైవిధ్యాన్ని, సమతను, అందరినీ కలుపుకొనడాన్ని పెంపొందించే కార్యక్రమాలు నడపబోమని హామీ ఇవ్వాలని అందులో షరతు ఉన్నది. ఆ షరతు సంస్థ చేసే పనులన్నిటికీ వర్తిస్తుంది. తప్పితే ఇచ్చిన సొమ్మును తిరిగి లాగుకొనవచ్చును. సంస్థ తన స్వాతంత్ర్యాన్ని కాపాడుకొన్నది. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేము. కాని ఒక ప్రభుత్వం షరతు మారినంతనే ప్రపంచమంతా వాడే సాధనం మరమ్మతు ఆగవలసివచ్చే ఏర్పాటును మాత్రం తప్పుపట్టవలసి ఉన్నది.

ఇందుకు ఉపాయం రాయలసీమ పాత పద్ధతిలోనే కనిపిస్తుంది. కడప, కర్నూలు సీమలలో దశబంధం అనే మాన్యం ఉండేది. చెరువును కట్టించినవానికి, బాగుచేసినవానికి దానిక్రింది భూమిలోగాని ఫలసాయంలోగాని కొంత భాగం విడిచేవారు. పదవ భాగమని ఆ పేరుకు అర్థం. అందుకు బదులుగా చెరువును ఏటేటా కాపాడే పూచీ అతనిది. రాజు దానం చెరువును పుట్టిస్తే, ఆయకట్టు భాగం దానిని బ్రతికించినది. నేటి భాషలకు దానాలు దొరుకుతున్నవి. దశబంధం దొరకడం లేదు. భాషవల్ల పెద్ద ఫలసాయం పొందే కంపెనీలు తమకు తోచినప్పుడు కాక, ఏటేటా నిర్ణీతమయిన భాగాన్ని మరమ్మతుకని కేటాయించడం న్యాయం.

ఇట్లయితే భాష ఉచితం కాకుండాపోదా అని కొందరు శంకించవచ్చును. దశబంధం త్రాగునీటికి వెల కాదు. పంట పండినవాడు ఇచ్చే భాగం. ఆత్మకూరు విద్యార్థి ఏమీ చెల్లించనక్కరలేదు. అయితే అతడు చేయదగిన పని లేకపోలేదు. 2008లో వెలువడిన పైథాన్ మూడవ కూర్పునుండి పొడవు, వెడల్పు అని తెలుగు లిపిలోనే పేర్లు పెట్టి వైశాల్యం కట్టవచ్చును. ఈ సౌకర్యాన్ని ఎవరో ఆలోచించి వ్రాశారు. ఇప్పటికీ ఎవరో కాపాడుతున్నారు. తెలుగు పేరుతో వ్రాసిన లెక్క ఎక్కడైనా తప్పితే, ఆ లోపాన్ని స్పష్టంగా వ్రాసి సంఘానికి తెలియజేయడం కూడ కట్టపై ఒక తట్ట మట్టి వేయడమే. ఉపాధ్యాయులు భాషను నేర్పేటప్పుడు, దానిని నిలబెట్టేవారి సంగతి కూడ ఒక పూట చెప్పగలిగితే పాఠం నిండుగా ఉంటుంది.