నాలుగు ఖాళీ పేజీలు

ప్రేమకథకి రెండో భాగం రాయడం కష్టం. మొదటి భాగంలో "వీళ్ళు కలుస్తారా?" అన్న ప్రశ్నే కథని లాక్కుపోతుంది. కలిశాక రచయితకి మిగిలే దారులు రెండే: వాళ్ళని విడదీయడం, లేదా వాళ్ళని మార్చడం. రెండోది లేకుండా మొదటిది మాత్రమే చేస్తే ఏమవుతుందో చూడాలంటే స్టెఫనీ మేయర్ నవల "న్యూ మూన్" (2006) చదవాలి. "ట్విలైట్" (2005)కి అది కొనసాగింపు. అమెరికాలో పెరిగిన మన ఆడపిల్లలు చాలామంది చదివిన పుస్తకం కాబట్టి మనకీ దాంతో పనుంది.

వాషింగ్టన్ రాష్ట్రంలో ఫోర్క్స్ అనే చిన్న ఊరు. పద్దెనిమిదో పుట్టినరోజున బెల్లా వేలు కాగితానికి కోసుకుంటుంది. ఆ నెత్తుటి వాసనకి, ఆమె ప్రేమించిన ఎడ్వర్డ్ కుటుంబంలోని మరో రక్తపిశాచి ఆమె మీదకి దూకుతాడు. ఆమె క్షేమం కోసమని, నువ్వు నాకు అక్కర్లేదని అబద్ధమాడి, మూడో అధ్యాయంలో ఎడ్వర్డ్ వెళ్ళిపోతాడు. మళ్ళీ మనిషిగా ఎదురుపడేది ఇరవయ్యో అధ్యాయంలోనే.

ఆ వెంటనే నాలుగు పేజీలు వస్తాయి. అక్టోబర్, నవంబర్, డిసెంబర్, జనవరి. నెల పేరు తప్ప ఇంకేమీ ఉండదు. కథ చెప్పేది బెల్లాయే. చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ మిగల్లేదని అర్థం. దుఃఖాన్ని ఇంత క్లుప్తంగా చూపిన చోటు ఈ నవలల్లో మరొకటి లేదు.

నడిమి భాగం సాగదీశారని విసుక్కునేవాళ్ళున్నారు. నా అభిప్రాయం వేరు. జేకబ్ గరాజ్‌లో పాత మోటార్‌సైకిళ్ళు బాగుచేసే అధ్యాయాల్లో సంఘటనలు తక్కువే, కానీ మనుషులు కదులుతారు. బెల్లా మళ్ళీ నవ్వడం నేర్చుకుంటుంది. జేకబ్ కుర్రతనం పోయి, కోపం తెలిసిన యువకుడవుతాడు, తోడేలూ అవుతాడు. పుస్తకంలో నిజంగా ఎదిగిన పాత్ర అతనే. నడక చెడేది ఆ తర్వాత, పరుగు మొదలైనప్పుడు. బెల్లా చనిపోయిందనుకుని ఎడ్వర్డ్ చావు వెతుక్కుంటూ ఇటలీలోని వోల్టెర్రాకి వెళ్ళడం, ఆమె విమానమెక్కి వెళ్ళి ఆపడం, తిరిగి రావడం, అన్నీ నాలుగు అధ్యాయాల్లో ముగిసిపోతాయి. నాలుగు నెలల శూన్యానికి ఎవరూ జవాబు చెప్పుకోరు. తిరిగొచ్చినవాడు వెళ్ళినవాడే.

ఇక్కడ నాకు భవభూతి "ఉత్తర రామచరితం" గుర్తొస్తుంది. అదీ ప్రేమకథకి రెండో భాగమే. మొదటి అంకంలో సీతా పరిత్యాగం, రెండో అంకం నాటికి పన్నెండేళ్ళు గడిచిపోతాయి. మేయర్ కన్నా పెద్ద గెంతే. కానీ మూడో అంకంలో పంచవటిలో సీత ఎవరికీ కనపడకుండా రాముడి పక్కనే నిలబడి అతని ఏడుపు వింటుంది. ఆమె మనసులోని ముల్లు మన కళ్ళ ముందే మెల్లగా ఊడుతుంది. ప్రమాదంలో ఉన్నప్పుడల్లా బెల్లాకీ ఎడ్వర్డ్ గొంతు వినిపిస్తుంది. కానీ అతను అక్కడ లేడు, ఆమె పడ్డ బాధ చూడలేదు. అందుకే వాళ్ళ కలయికలో క్షమాపణ ఉంది గానీ పరిణామం లేదు.

చివర్లో తనని రక్తపిశాచిగా మార్చాలా వద్దా అని బెల్లా ఎడ్వర్డ్ కుటుంబాన్ని ఓటు అడుగుతుంది. నిర్ణయం తనదేనని చెప్పడానికే ఈ ఏర్పాటు అనొచ్చు. కానీ ఆ నాలుగు నెలలూ కూతుర్ని కనిపెట్టుకుని ఉన్న తండ్రి చార్లీకి ఆ గదిలో చోటు లేదు. తను మానవ జీవితం వదులుకోవడానికి అయిదుగురు సరేనన్నారు, ఎడ్వర్డ్, రోజలీ మాత్రమే కాదన్నారు. వదులుకునేదాని విలువెంతో బెల్లా ఒక్క నిమిషం లెక్కేసుకోదు.

ఇలాంటి పుస్తకాలు చదవొద్దని పిల్లల్ని కసిరి లాభం లేదు. చదివాక ఒక్క ప్రశ్న అడిగితే చాలు: ఆ నాలుగు ఖాళీ పేజీలూ నువ్వే నింపాల్సొస్తే, ఏం రాస్తావు?