శిక్షణ మనకు, పెట్టుబడి ఎవరికి?

ఆడవాళ్ళకి విడిగా ఎందుకు అన్న ప్రశ్న మనకేం కొత్త కాదు. విడిగా పత్రిక ఎందుకు, విడిగా సంకలనం ఎందుకు, విడిగా యూనివర్సిటీ ఎందుకు అని అడిగించుకుంటూనే ఇంత దూరం వచ్చాం. 1993లో 'నీలి మేఘాలు' వచ్చినప్పుడు కవిత్వానికి ఆడా మగా ఏమిటన్న పెద్దమనుషుల్ని ఈ పత్రిక పాఠకులు మర్చిపోయి ఉండరు. ఇప్పుడు అదే ప్రశ్న టెక్నాలజీ స్టార్టప్‌ల దగ్గర వినిపిస్తోంది. కంపెనీ పెట్టాలనుకునే ఆడవాళ్ళకి మాత్రమే అంటూ ఇన్‌క్యుబేటర్లు, శిక్షణ తరగతులు, పెట్టుబడి నిధులు వచ్చాయి. ఇవి అవసరమని కొందరు, అవమానమని మరికొందరు అంటున్నారు. అవమానమంటున్న వాళ్ళలో మగవాళ్ళే కాదు, కంపెనీలు పెట్టి నిలబెట్టిన ఆడవాళ్ళూ ఉన్నారు. అందుకే దీన్ని మనం తేలిగ్గా తీసుకోకూడదు.

మన ఊరి సంగతితోనే మొదలుపెడదాం. తెలంగాణ ప్రభుత్వం 2015 నవంబరులో టీ-హబ్ ప్రారంభించింది. అది అందరిదీ. 2017 నవంబరులో హైదరాబాదులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. ఇవాంకా ట్రంప్ వచ్చిన సదస్సు అంటే వెంటనే గుర్తొస్తుంది. మహిళలే ముందు అన్నది దాని నినాదం, వచ్చిన ప్రతినిధుల్లో సగానికి పైగా మహిళలే. ఆ ఊపులోనే 2018 మార్చి 8న వీ-హబ్ మొదలైంది. మహిళల కోసమే ఒక రాష్ట్ర ప్రభుత్వం నడిపే ఇన్‌క్యుబేటర్ దేశంలో అదే మొదటిది. అందరిదీ అన్న చోటు ఒకటి ఉండగా మూడేళ్ళు తిరక్కుండానే మహిళలది అన్న చోటు ఇంకొకటి కావలసి వచ్చిందంటే, ఆ 'అందరూ' అన్న మాటలో ఎవరెంతమంది ఉన్నారో ఊహించుకోవచ్చు. అందరూ అన్న మాట వెనక మగవాడు ఎలా దాక్కుంటాడో సాహిత్య చరిత్రలు చదివిన మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నిజానికి మనకిది 2018లో మొదలైందీ కాదు. 1993లోనే ఆంధ్రప్రదేశ్ మహిళా పారిశ్రామికవేత్తలు ఎలీప్ అనే సంఘం పెట్టుకున్నారు. గాజులరామారంలో మహిళల కోసమే ఒక పారిశ్రామిక వాడ తెచ్చుకున్నారు. షెడ్డు కావాలి, కరెంటు కనెక్షను కావాలి, బ్యాంకువాడు కూచోబెట్టి మాట్లాడాలి. వాళ్ళ అవసరాలు ఇలా చేత్తో పట్టుకుని చూపించగలిగినవి. 'ఆత్మవిశ్వాసం పెంచండి' అనే కోరికతో పుట్టిన వాడ కాదది. ఈ తేడా గురించి ముందు ముందు మాట్లాడాల్సి ఉంది.

ముందు అభ్యంతరం చెప్పే వాళ్ళ మాట విందాం. మమ్మల్ని మహిళా ఫౌండర్ అనకండి, ఫౌండర్ అనండి అంటారు వాళ్ళు. విడిగా పెట్టిన తలుపులోంచి వచ్చిందంటే తక్కువ మార్కులతో వచ్చిందనుకుంటారు, అసలు డబ్బున్న గదిలోకి మళ్ళీ ఎవరూ పిలవరు అన్నది వాళ్ళ భయం. ఇది ఉత్తుత్తి భయం కాదు. ఆర్టీసీ బస్సులో ముందు వరసల మీద 'స్త్రీలకు' అని రాసి ఉంటుంది. ఆ సీట్లు లేకపోతే మనలో చాలామంది కాలేజీ దాకా నిలబడే వెళ్ళేవాళ్ళం. కానీ అవి నిండిపోయి వెనక సీట్లో కూచోబోతే, 'మీ సీట్లు ముందున్నాయిగా' అనే మగాడు ప్రతి బస్సులోనూ ఒకడుంటాడు. హక్కుగా రాసిన మాటని వాడు హద్దుగా చదువుతాడు.

ఈ హద్దు వ్యాపారంలోనూ ఉందని చూపించిన పరిశోధన ఒకటుంది. కైసా స్నెల్‌మన్, ఇసబెల్ సొలాల్ అమెరికాలో వెంచర్ పెట్టుబడి అందుకున్న రెండు వేలకు పైగా కంపెనీల్ని పరిశీలించి 2023లో ప్రచురించారు. మొదటి విడత పెట్టుబడి మహిళా ఇన్వెస్టర్ల నుంచి తీసుకున్న మహిళల కంపెనీలకు, మగ ఇన్వెస్టర్ల దగ్గర తీసుకున్న మహిళల కంపెనీలతో పోలిస్తే రెండో విడత డబ్బు దొరికే అవకాశం సగమే ఉంది. ఆడవాళ్ళు ఆడవాళ్ళకి ఇచ్చారంటే సామర్థ్యం చూసి ఇచ్చి ఉండరు, ఆడది కాబట్టి ఇచ్చి ఉంటారు అని చూసేవాళ్ళు అనుకుంటున్నారు. మగవాళ్ళు మగవాళ్ళకి ఇస్తే మాత్రం అది వ్యాపార దృష్టి! వాళ్ళ స్నేహానికి ఎవరూ పేరు పెట్టరు, మనది మాత్రం 'కోటా'.

విడి కార్యక్రమాలు వద్దనే వాళ్ళు ఈ ఫలితాన్ని ఎత్తి చూపిస్తారు. నాకు దీంట్లో వేరే విషయం కనిపిస్తుంది. ఇక్కడ శిక్ష పడుతున్నది డబ్బు తీసుకున్న స్త్రీకి, చెడిపోయింది మాత్రం బయటి గదిలో కూచున్న వాడి చూపు. ఆ చూపు అలా ఉందని మనం మన గది మూసేసుకుంటే సరిపోతుందా?

ఆ చూపు ఎలా పనిచేస్తుందో చెప్పే మరో అధ్యయనం గురించి కాస్త వివరంగా రాస్తాను. భాషతో పని చేసే వాళ్ళం కనుక మనకు బాగా పనికొచ్చేది అదే. డానా కాంజ్, ఆమె సహచరులు 2018లో ప్రచురించిన ఈ అధ్యయనానికి ముడిసరుకు న్యూయార్క్‌లో ఏటా జరిగిన ఒక స్టార్టప్ పోటీలో ఇన్వెస్టర్లు అడిగిన ప్రశ్నలు. ఒక్కొక్క ప్రశ్ననీ మాట మాటా చదివారు. మగ ఫౌండర్లని అడిగిన ప్రశ్నల్లో దాదాపు 67 శాతం 'ఎంత ఎదుగుతారు, ఎంతమందిని చేరతారు, ఎక్కడిదాకా వెళ్ళాలనుకుంటున్నారు' అనే ధోరణివి. ఆడ ఫౌండర్లని అడిగిన వాటిలో దాదాపు 66 శాతం 'నష్టం రాకుండా ఎలా చూసుకుంటారు, ఉన్న కస్టమర్లు పోకుండా ఏం చేస్తారు, ఎప్పటికి ఖర్చులు గట్టెక్కుతాయి' అనే ధోరణివి. రెండు రకాల ప్రశ్నలూ మర్యాదగా అడిగినవే. ఎవరూ ఎవర్నీ కించపరచలేదు. 'పెళ్ళయ్యాక ఏం చేస్తావు' అని అడగలేదు. అయినా ఎదుగుదల గురించి ప్రశ్నలు ఎదురైన కంపెనీలకి, జాగ్రత్త గురించి ప్రశ్నలు ఎదురైన వాటికన్నా ఏడు రెట్లు దాకా ఎక్కువ డబ్బు వచ్చింది.

ఇది చదువుతుంటే నాకు మన పెళ్ళిచూపులు గుర్తొచ్చాయి. అబ్బాయిని 'ముందు ముందు ఏం చేద్దామనుకుంటున్నావు బాబూ' అంటారు. అమ్మాయిని 'ఇల్లు సర్దుకుపోగలవా అమ్మా' అంటారు. అడిగిన ప్రశ్నని బట్టే కదా జవాబు కుదించుకునేది! జాగ్రత్త గురించి అడిగితే జాగ్రత్తగానే జవాబు చెప్తాం. పదిహేనేళ్ళు వచ్చేసరికే అందులో ఆరితేరి ఉంటాం. అలా చెప్పిన జవాబు చూసి 'ఈవిడకి పెద్ద ఆలోచన లేదు' అని రాసుకుంటారు. ఇంకో సంగతి, ఇలా అడిగిన ఇన్వెస్టర్లలో మహిళలూ ఉన్నారు, వాళ్ళూ ఇంచుమించు ఇలాగే అడిగారు. కుర్చీలో ఆడమనిషి కూచున్నంత మాత్రాన ప్రశ్న మారిపోదు.

2014లో వచ్చిన మరో అధ్యయనం ఇంకా సూటిగా ఉంది. ఒకే వ్యాపార ప్రతిపాదన, అవే మాటలు. ఒకసారి మగ గొంతుతో, ఒకసారి ఆడ గొంతుతో వినిపించారు. విన్నవాళ్ళలో 68 శాతం మంది మగ గొంతు చెప్పినదానికే డబ్బు పెడతామన్నారు. మన ప్రతిపాదనలో లోపం వెతుక్కుంటూ రాత్రంతా కూచునే అమ్మాయిలకి ఈ ఒక్క అంకె గోడ మీద రాసి పెట్టాలనిపిస్తుంది.

ఇక అసలు పేచీ. గొంతు మారితే తీర్పు మారుతున్నప్పుడు బాగుచెయ్యాల్సింది ఎవర్ని? మహిళలకు మాత్రమే అనే కార్యక్రమాల్లో ఎక్కువ భాగం మనల్నే బాగుచెయ్యాలని చూస్తాయి. ఎలా నిలబడాలి, ఎలా మాట్లాడాలి, 'సారీ' ఎన్నిసార్లు అనకూడదు, కళ్ళలోకి ఎలా చూడాలి... ఆరు వారాల తరగతి, సర్టిఫికెట్టు, గ్రూప్ ఫోటో. ఫోటోలో వెనక బ్యానరు, బ్యానరు మీద పూలు లేకపోతే సీతాకోకచిలుక. (సీతాకోకచిలుకకి, సాఫ్ట్‌వేర్‌కి సంబంధమేమిటో నాకిప్పటికీ అంతుపట్టలేదు.) ఇంత శిక్షణ నడుస్తూ ఉన్నా అమెరికాలో వెంచర్ పెట్టుబడి మొత్తంలో పూర్తిగా మహిళలే స్థాపించిన కంపెనీలకి వెళ్ళే వాటా ఏళ్ళ తరబడి 2 శాతానికి అటూ ఇటూగానే కదులుతోంది. శిక్షణ లేకనే పెట్టుబడి రావడం లేదన్నది నిజమైతే ఈపాటికి ఆ అంకె కదలాలి కదా.

అందుకే ఎలీప్ సంగతి ముందు చెప్పాను. షెడ్డు అడగడం వేరు, ధైర్యం నేర్పించమనడం వేరు. మొదటిదాంట్లో లోపం వ్యవస్థది, రెండోదాంట్లో లోపం మనది.

డబ్బు ఇచ్చేస్తే సరిపోతుందా అంటే, అక్కడా మనకు చరిత్ర ఉంది. డ్వాక్రా 1980ల మొదట్లో ఆడవాళ్ళ గుంపులతోనే మొదలైంది. దూబగుంట సారా ఉద్యమం తర్వాత పొదుపు సంఘాలు ఊరూరా అల్లుకున్నాయి. అక్కడ 'ఆడవాళ్ళకు మాత్రమే' అన్న నియమం వల్ల వచ్చిన బలం మనం కళ్ళారా చూశాం. ఆ బలాన్నే మైక్రోఫైనాన్స్ కంపెనీలు వాడుకున్నాయి. ఒకరి బాకీకి పదిమందీ పూచీ, కట్టకపోతే తోటి ఆడవాళ్ళే గుమ్మం ముందు కూచోవడం. ఆత్మహత్యల దాకా వెళ్ళాక 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఆడవాళ్ళు నమ్మకంగా తిరిగి కడతారన్న మంచి పేరే ఉరితాడైంది. ఒకే నగరంలో ఒక స్త్రీకి అప్పు ఇస్తారు, ఒక పురుషుడికి పెట్టుబడి ఇస్తారు. అప్పు అయితే వ్యాపారం మునిగినా కట్టాల్సిందే. వెంచర్ పెట్టుబడి అయితే మునిగినవాడు 'అనుభవం సంపాదించాడు' అనిపించుకుని ఇంకో కంపెనీ పెడతాడు. ఓడిపోయే హక్కు మనకి ఏ పథకమూ ఇవ్వలేదు.

మహిళలకు మాత్రమే అన్నప్పుడు ఏ మహిళలకు అన్నది మనలో మనం అడుక్కోవాల్సిన ప్రశ్న. మనల్ని దళిత స్త్రీలు అడిగారు. 2003లో 'నల్లపొద్దు' వచ్చాక స్త్రీ అనే ఒకే ముద్దలో అందర్నీ కలిపి మాట్లాడటం అంత సులువు కాలేదు. స్టార్టప్ కార్యక్రమాలు ఆ పాఠం ఇంకా చదవలేదు. దరఖాస్తు ఇంగ్లీషులో, జీతం లేకుండా ఏడాది గడపగలిగే ఇల్లు వెనకాల, అమెరికాలో ఒక అన్నో బావో. ఇవి ఉన్న స్త్రీకి ఆ తలుపు కొంచెం తోస్తే తెరుచుకుంటుంది. 2016లో మొదలైన స్టాండప్ ఇండియా పథకంలో ప్రతి బ్యాంకు శాఖా కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకి 10 లక్షల నుంచి కోటి దాకా అప్పు ఇవ్వాలన్నారు. మరి దళిత స్త్రీ ఏ వరసలో నిలబడాలి? ఎస్సీ వరసలో మగవాళ్ళుంటారు, మహిళల వరసలో పై కులాల వాళ్ళుంటారు. కంపెనీ అయితే 51 శాతం వాటా మహిళదో, ఎస్సీ ఎస్టీదో ఉండాలన్నారు. సర్పంచ్ భర్తల్ని చూసిన మనకి ఆ 51 శాతం కాగితం మీద ఎలా పుడుతుందో తెలుసు. ఇక 2017 సదస్సు ముందు హైదరాబాదు వీధుల్లోంచి బిచ్చగాళ్ళని తరలించిన సంగతి పేపర్లలో వచ్చిందే. మహిళలే ముందు అన్న నగరంలో, చౌరస్తాలో చంటిబిడ్డతో నిలబడ్డ స్త్రీని ముందుగా కనబడకుండా చేశారు.

ఇన్ని అభ్యంతరాలున్నా విడి కార్యక్రమాలు ఎత్తెయ్యాలనే వాళ్ళతో నేను చేరను. ఎత్తేస్తే ఏమవుతుందో అమెరికాలో చూస్తున్నాం. అట్లాంటాలోని ఫియర్‌లెస్ ఫండ్ నల్లజాతి మహిళల చిన్న వ్యాపారాలకు 20 వేల డాలర్ల గ్రాంట్లు ఇచ్చేది. అది వివక్ష అంటూ 2023 ఆగస్టులో ఒక సంస్థ కోర్టుకి వెళ్ళింది. వాళ్ళు ఆధారం చేసుకున్నది 1866 పౌరహక్కుల చట్టం. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్ళకి తెల్లవాళ్ళతో సమానంగా ఒప్పందాలు చేసుకునే హక్కు కోసం వచ్చిన చట్టం అది! 2024 జూన్‌లో అప్పీళ్ళ కోర్టు గ్రాంటుని ఆపింది, సెప్టెంబరులో రాజీ కుదిరి ఆ గ్రాంటు పోటీయే మూతపడింది. మన రాజ్యాంగంలో 15వ అధికరణం మూడో క్లాజు స్త్రీలకూ పిల్లలకూ ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారం రాజ్యానికి ఇచ్చింది కాబట్టి ఇక్కడ ప్రభుత్వ కార్యక్రమాలకి అంత ముప్పు లేదు. అయితే మనకు కోర్టు అక్కర్లేదు, నిశ్శబ్దంగా కలిపెయ్యడం చాలు. 2013 నవంబరులో ఆర్భాటంగా మొదలైన భారతీయ మహిళా బ్యాంకు 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. పోయిందని ఎంతమందికి గుర్తుంది?

కాలేజీల్లో పనిచేస్తున్న వాళ్ళం కనక మార్చి వచ్చిందంటే మనలో చాలామందికి ఆహ్వానాలొస్తాయి. ప్రతి కాలేజీలోనూ మహిళా పారిశ్రామికవేత్తల సెల్ అంటూ ఒకటి వెలిసింది, దీపం వెలిగించడానికి మనం కావాలి. వెళ్దాం. వెళ్ళినప్పుడు స్ఫూర్తి గురించి ఉపన్యాసం తగ్గించి, నిర్వాహకుల్ని కొన్ని లెక్కలు అడుగుదాం. ఇక్కడ శిక్షణ తీసుకున్న వాళ్ళలో ఎంతమందికి డబ్బు అందింది, అది అప్పుగానా పెట్టుబడిగానా? రెండో విడత ఎంతమందికి వచ్చింది? డబ్బు ఎవరికివ్వాలో తేల్చే కమిటీలో ఎవరున్నారు, మగ ఇన్వెస్టర్లకి ప్రశ్నలు అడగడం నేర్పే తరగతి ఏ రోజు పెట్టారు? ఎస్సీ, ఎస్టీ, బీసీ, ముస్లిం స్త్రీలు ఎంతమంది? ఇన్వెస్టర్లతో పరిచయాలన్నీ రాత్రి ఎనిమిదింటికి హోటల్లో ఎందుకు, బిడ్డతో వచ్చిన అమ్మాయి ఆ బిడ్డని ఎక్కడ పడుకోబెట్టాలి?