కుక్కకు మర్దనా: నొప్పి తగ్గినట్టు చెప్పేదెవరు?

కుంటుతున్న కుక్కకు రోజూ మర్దనా చేస్తే నొప్పి తగ్గుతుందని చెప్పే పుస్తకాలు, కరపత్రాలు చాలాకాలంగా వస్తున్నాయి. కండరాల్లో పేరుకుపోయిన లాక్టిక్ ఆమ్లాన్ని, ‘విషపదార్థాల’ను మర్దనా బయటికి పంపేస్తుందన్నది వాటిలో తరచు కనిపించే వివరణ. ఇది నిలవదు. శ్రమ ఆగాక గంట, గంటన్నరలో ఆ ఆమ్లం దానంతటదే మామూలు స్థాయికి దిగిపోతుంది. నెలల తరబడి ఉన్న నొప్పికి అది కారణం ఎలా అవుతుంది? కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2012లో, వ్యాయామం చేసిన 11 మంది యువకుల తొడ కండరం నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షించారు. మర్దనా వల్ల లాక్టిక్ ఆమ్లంలో తేడా రాలేదు. వాపుకు సంబంధించిన రసాయన సంకేతాలు మాత్రం తగ్గాయి. అంటే ఫలితం కొంత ఉంది, చెబుతున్న కారణమే తప్పు. (మనిషి కండరంలో చూసినదాన్ని కుక్కకు నేరుగా అంటగట్టలేమనుకోండి.)

కుక్క విషయంలో అసలు కథ వేరే ఉంది. నిలబడినప్పుడు దాని బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీదే ఉంటుంది. తుంటికీలు అరిగిన కుక్క వెనుకకాలు మోపడానికి జంకి, ఆ భారాన్ని కూడా ముందుకే నెడుతుంది. దాంతో భుజం, మెడ కండరాలకు విశ్రాంతి లేక బిగుసుకుపోతాయి. జబ్బు తుంటిలో, బిగువు భుజంలో! ఈ రెండో నొప్పి మీద మర్దనా పనిచేసే అవకాశం ఉంది. దెబ్బ తగిలినచోట మనం వెంటనే రుద్దుకుంటాం కదా. స్పర్శను మోసే నాడులు చురుకైతే వెన్నుపాములో నొప్పి సంకేతానికి అడ్డు పడుతుందని మెల్జాక్, వాల్ 1965లో ప్రతిపాదించారు. అరిగిన కీలు మాత్రం ఎంత రుద్దినా బాగుపడదు.

‘వెటరినరీ రికార్డ్’ పత్రికలో 2021లో వచ్చిన ఒక అధ్యయనం 527 కుక్కల వివరాలు పరిశీలించి, మర్దనాతో నొప్పి తగ్గిందని తేల్చింది. సంఖ్య పెద్దదే. కాని పోల్చి చూడడానికి మర్దనా చేయని కుక్కల గుంపు అందులో లేదు. తీర్పు చెప్పినవారు మర్దనా చేసినవారూ, యజమానులూ. కుక్కకు మందు మీద నమ్మకం ఉండదు కాబట్టి ఉత్తుత్తి మందు దానిమీద పనిచేయదని మనం అనుకుంటాం. నమ్మకం చూసేవారికి ఉంటే చాలు! కీళ్లవాతంతో కుంటుతూ ఉత్తుత్తి మందు మాత్రమే పొందిన 58 కుక్కల వివరాలు 2012లో వెలువడ్డాయి. కాలు నేలను ఎంత బలంగా నొక్కుతోందో కొలిచే పలక మీద వాటిని నడిపించారు. యజమానుల అంచనాల్లో దాదాపు 40 శాతం పలక చూపని మెరుగుదలను చూశాయి. పశువైద్యులూ ఏమీ తీసిపోలేదు: కుక్క పరుగునడకను చూసి వారు చెప్పినదాంట్లో ఈ పొరపాటు దాదాపు 45 శాతం.

అందుకే 527 కుక్కల నివేదిక కన్నా, సగం కుక్కలకు మర్దనా చేసి, మిగతా సగాన్ని ఊరికే నిమిరి, ఏది దేనికో తెలియనివారు పలక మీద కొలిచే చిన్న ప్రయోగం నాకు ఎక్కువ విలువైనది.

ఇది పండితుల తగువు కాదు. మన దేశంలో పిడుదుల వల్ల సోకే ఎర్లికియా జ్వరంలో కూడా కీళ్లు వాచి కుక్క కుంటవచ్చు. దానికి కావలసింది డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయాటిక్. వారం రోజులు మర్దనా చేస్తూ కూర్చుంటే జబ్బుకు వారం రోజులు చేజేతులా ఇచ్చినట్టే. కుంటడానికి కారణం పశువైద్యుడు చెప్పాకే చెయ్యి వేయండి. వేడిగా వాచినచోట నొక్కకండి. కుక్క చెవులు వెనక్కి వాల్చినా, పదేపదే మూతి నాక్కున్నా, చటుక్కున మీ చేతివైపు తల తిప్పినా అక్కడితో ఆపేయండి.