ఊరుమ్మడి ఇసుకనేల మీద

సెయింట్ ఆండ్రూస్‌లో ఆదివారం ఓల్డ్ కోర్స్ మీద గోల్ఫ్ ఆడరు. ఓపెన్ ఛాంపియన్‌షిప్ లాంటి పెద్ద పోటీలు నడిచే రోజులు తప్పిస్తే, మిగతా ఆదివారాలన్నీ ఆ మైదానం ఊరివాళ్లది. చంటిపిల్లల్ని తోపుడుబండ్లలో కూర్చోబెట్టుకుని, కుక్కల్ని వెంటేసుకుని, ప్రపంచంలోకెల్లా పేరున్న గోల్ఫ్ నేల మీద తీరిగ్గా షికారు చేస్తారు. స్కాట్లాండ్ తూర్పు తీరాన, ఫైఫ్ ప్రాంతంలో ఉన్న ఈ చిన్న ఊరికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేదే ఇక్కడ ఒక్కసారి ఆడదామని. ఆదివారం వస్తే వాళ్లకూ నడకే గతి. మిగిలిన ఆరు రోజుల్లోనూ ఊరు పూర్తిగా పక్కకు తప్పుకోదు. మొదటి హోల్, చివరి హోల్ పక్కపక్కనే ఒకే వెడల్పాటి పచ్చికగా కలిసిపోయి ఉంటాయి. వాటికి అడ్డంగా గ్రానీ క్లార్క్స్ వైండ్ అనే దారి సముద్రం వైపు పోతుంది. ఆ దారిన ఎవరైనా దాటుతుంటే, హోల్ మొదలయ్యేచోట, అంటే టీ మీద బంతి పెట్టుకున్నవాడు ఎంతటి ఆటగాడైనా ఆగాల్సిందే. ప్రహరీగోడ, గేటు, సభ్యత్వం... మన నగరాల్లో గోల్ఫ్ అనగానే గుర్తొచ్చేవి ఇవీ. ఆ ఆటకు పుట్టిల్లనిపించుకున్న చోట ఇవేవీ కనబడవు.

ఓల్డ్ కోర్స్ గురించి ఎన్ని చెప్పుకున్నా, నాకు ముఖ్యమనిపించేది ఇదే. ఈ నేల అందరిదీ కావడం వల్లే ఇక్కడి ఆటతీరు ఇలా తయారైంది.

స్కాట్లాండ్‌లో గోల్ఫ్ గురించి తెలిసిన మొదటి రాత, ఆడొద్దని చెప్పే రాత. జనం విలువిద్య సాధన మానేసి ఆటల్లో పడుతున్నారని, రెండో జేమ్స్ రాజు కాలంలో 1457లో పార్లమెంటు గోల్ఫ్‌నీ ఫుట్‌బాల్‌నీ నిషేధించింది. నిషేధం ఎంత గట్టిగా పనిచేసిందో, తర్వాత అదే చట్టాన్ని మళ్లీ మళ్లీ చేయాల్సి రావడమే చెబుతుంది. 1552 నాటికి సంగతి తిరగబడింది. ఆర్చ్‌బిషప్ జాన్ హామిల్టన్ ఈ ఇసుకనేల మీద కుందేళ్లు పెంచుకునే హక్కు తీసుకుంటూ, గోల్ఫ్ ఆడుకునే హక్కు ఊరి ప్రజలదని పత్రం మీద ఒప్పుకున్నాడు. ఆ కుందేళ్లే తర్వాత గొడవకు మూలమయ్యాయి. 1797లో ఊరి కౌన్సిల్ అప్పులపాలై ఈ నేలను పోగొట్టుకుంది. చేతికొచ్చినవాళ్లు దాన్ని కుందేళ్ల పెంపకానికి వదిలారు. ఫెయిర్‌వేల నిండా, అంటే బంతి సాగే పచ్చికల నిండా, బొరియలు. గోల్ఫర్లకూ కుందేళ్ల వ్యాపారులకూ మధ్య పోరు కోర్టులకెక్కి ఏళ్ల తరబడి సాగింది. చివరికి 1821లో జేమ్స్ చీప్ అనే స్థానిక భూస్వామి నేలను కొని, ఆటకు నిలిపాడు. 1974లో ప్రత్యేక చట్టంతో దీని నిర్వహణ లింక్స్ ట్రస్ట్ చేతికి వచ్చింది. మొదటి టీ వెనక ఠీవిగా నిలబడ్డ రాతి భవనం రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్బుది. కోర్స్ కూడా వాళ్లదేనని చాలామంది అనుకుంటారు. భవనం వరకే వాళ్లది.

ఇక నేల సంగతి. సముద్రం వెనక్కి జరుగుతూ వదిలిన ఇసుక ఇది. గాలి దాన్ని మెట్టలుగా, పల్లాలుగా పోసింది. దాని మీద ఫెస్క్యూ అనే సన్నటి గట్టి గడ్డి పట్టింది. దున్నితే ఏమీ పండదు కాబట్టి గొర్రెలకు వదిలేశారు. వాన పడితే నీరు క్షణాల్లో ఇంకిపోతుంది, పైన నేల గట్టిగానే ఉంటుంది. చలిగాలికి గొర్రెలు మెట్టల చాటున ముడుచుకుని పడుకున్నచోట గడ్డి అరిగి ఇసుక బయటపడిందనీ, కుందేళ్లు తవ్వినచోట గుంటలు పెరిగాయనీ, ఇప్పటి బంకర్లు అలా పుట్టినవేననీ చెబుతారు. మొత్తం 112 బంకర్లు. చాలావాటికి పేర్లున్నాయి: హెల్, కాఫిన్స్, ప్రిన్సిపల్స్ నోస్, లయన్స్ మౌత్. దీన్ని ఫలానా శిల్పి గీశాడని చెప్పడానికి ఎవరూ లేరు. వాడుకలో అరిగి అరిగి ఏర్పడ్డ కోర్స్ ఇది.

మొదట్లో ఊరి నుంచి ఈడెన్ నది ముఖద్వారం దిక్కుగా ఆడుకుంటూ వెళ్లి, మళ్లీ అవే గుంటల్లోకి ఆడుకుంటూ తిరిగి వచ్చేవారు. అప్పట్లో ఒక రౌండ్ అంటే 22 హోల్స్. 1764లో మొదటి నాలుగింటిని రెండుగా కలిపేశారు. పోనూ రానూ లెక్క 18కి దిగింది. ఇవాళ ఏ దేశంలోనైనా కోర్స్‌కు 18 హోల్స్ ఉండటానికి మూలం ఇక్కడి ఆ సర్దుబాటే. ఆడేవాళ్లు పెరిగేకొద్దీ ఎదురెదురు జట్లు ఒకే గుంట దగ్గర ఢీకొనేవి. అందుకని 19వ శతాబ్దంలో గుంట చుట్టూ ఉండే నున్నటి పచ్చికలను, అంటే గ్రీన్‌లను వెడల్పు చేసి, ఒక్కోదాని మీద రెండేసి గుంటలు తవ్వారు. ఇప్పటికీ ఏడు జంట గ్రీన్‌లున్నాయి. రెండోదీ పదహారోదీ ఒకచోట, మూడోదీ పదిహేనోదీ ఒకచోట, అలా ప్రతి జంటా కలిపితే పద్దెనిమిదే. ఓల్డ్ టామ్ మోరిస్ 1860లలో సంరక్షకుడిగా వచ్చి, దాదాపు నలభై ఏళ్లపాటు ఈ నేలను సాకాడు. గ్రీన్‌ల మీద ఇసుక చల్లి గడ్డిని బలంగా పెంచే పద్ధతికి ఆయన పేరే చెప్పుకుంటారు.

ఇంత వెడల్పూ ఇంత ఉమ్మడితనమూ ఉన్నచోట ఆడటం తేలికనిపిస్తుంది. టీవీలో చూసినప్పుడు బోసినేలలా కనబడుతుంది కూడా. చెట్లు లేవు, చెరువులు లేవు. కానీ నీళ్లు పోసి మెత్తగా పెంచిన పచ్చిక మీద నేర్చుకున్న ఆట ఇక్కడ చెల్లదు. అక్కడ బంతి ఆకాశంలోకి లేచి, గ్రీన్ మీద వాలి, దిగినచోటే ఆగుతుంది. ఇక్కడ అలా లేచినదాన్ని ముందు గాలి పట్టుకుంటుంది. గాలి వదిలినా గట్టినేల వదలదు. దిగిన బంతి జారి, ఏదో ఒక పల్లం పట్టుకుని, తనకు నచ్చిన బంకర్‌లో పడుతుంది.

అందుకే లింక్స్ (ఇలాంటి తీరపు ఇసుకనేల) ఆటలో మొదటి పాఠం బంతిని కిందే ఉంచడం. నిలుచున్నప్పుడు బంతి వెనక కాలి వైపుకు ఉండాలి, కొట్టేటప్పుడు చేతులు బంతికన్నా ముందుండాలి. ఊపు ముప్పావు వంతు చాలు. గాలికి ఎదురుగా ఆడేటప్పుడు మరింత బలంగా కొట్టబోతాం, అది మనిషి స్వభావం. గట్టిగా కొడితే బంతికి వెనక్కి తిరిగే సుడి పెరుగుతుంది, ఆ సుడి దాన్ని ఇంకా పైకి లేపుతుంది. అనుభవమున్నవాళ్లు ఒకటి రెండు మెట్లు పెద్ద క్లబ్బు (కర్ర) తీసుకుని, కాస్త కిందికి పట్టుకుని, నెమ్మదిగా ఊపుతారు.

గ్రీన్ దగ్గరపడ్డాక అసలు విద్య బయటపడుతుంది. బంతిని తక్కువ ఎత్తులో కొద్దిదూరం లేపి, మిగతా దూరమంతా నేల మీద పరుగెత్తించే షాట్‌ను బంప్ అండ్ రన్ అంటారు. చాలాచోట్ల అదీ అక్కర్లేదు. గ్రీన్‌కు ముప్పై గజాల అవతల నుంచే, బంతిని నేల మీద నెట్టే పట్టర్ తీసుకుని దొర్లించేయొచ్చు. ఫెయిర్‌వే గడ్డీ గ్రీన్ గడ్డీ అంతగా కలిసిపోయి ఉంటాయి. గోళీలాడే పిల్లవాడు గోళీని కాక ముందు నేలను చూస్తాడు; ఇక్కడ చూపు అలా ఉండాలి. గుంటలో జెండా ఎక్కడుందన్నది రెండో ప్రశ్న. దానికి ఇవతల ఉన్న మెట్ట బంతిని ఎటు తిప్పుతుందన్నది మొదటిది. పద్దెనిమిదో గ్రీన్ ముందరి వ్యాలీ ఆఫ్ సిన్ అనే పల్లం నుంచి 1995 ఓపెన్‌లో కోస్తాంతినో రొక్కా పట్టర్‌తో కొట్టిన బంతి ఎగుడుదిగుడు దాటుకుంటూ పోయి గుంటలో పడింది. ఆ దెబ్బతో పోటీ ప్లే ఆఫ్‌కు వెళ్లింది. ప్లే ఆఫ్‌లో గెలిచింది జాన్ డేలీ అన్నది వేరే సంగతి.

టీ నుంచి ఎటు కొట్టాలన్నదీ ఇలాంటి చిక్కే. వెళ్లేటప్పుడు కుడివైపు ముళ్ల గోర్స్ పొదలు, ఎడమవైపు తిరిగొచ్చే హోల్స్ తాలూకు విశాలమైన పచ్చిక. కాబట్టి ఎడమ క్షేమం. అయితే ఎంత ఎడమకు పోతే, గ్రీన్ మీదికి వెళ్లే రెండో షాట్ సాధారణంగా అంత కష్టమవుతుంది. ధైర్యం చేసినవాడికి దారి తెరుచుకుంటుంది, తప్పించుకున్నవాడు తర్వాత కట్టాల్సి వస్తుంది. శిక్ష వెంటనే పడకుండా ఒక షాట్ ఆలస్యంగా పడటంలోనే ఈ కోర్స్ తెలివంతా ఉందని నాకనిపిస్తుంది. ఇది ఒక్క చూపులో అర్థం కాదు కాబట్టే ఇక్కడ క్లబ్బులు మోస్తూ సలహా చెప్పే క్యాడీ మాటకు విలువ. తిరుగుదారిలో గురి చూపడానికి ఊళ్లోని చర్చి గోపురాలే వాళ్లకు కొండగుర్తులు.

బంకర్ల గోడలు మట్టిపెళ్లలను ఇటుకల్లా పేర్చి కట్టినవి. దాదాపు నిటారుగా ఉంటాయి. పడితే జెండా వైపు ఆశ పెట్టుకోకుండా పక్కకో వెనక్కో కొట్టి బయటపడటమే వివేకం. ఎంతటివాళ్లకూ ఆ వివేకం ఖరీదుగానే అబ్బింది. 1978 ఓపెన్‌లో పదిహేడో హోల్ దగ్గర జపాన్ ఆటగాడు టామీ నకజిమా రెండు షాట్లలో గ్రీన్ చేరాడు. అక్కడి నుంచి కొట్టిన పట్ వంకర తిరిగి రోడ్ బంకర్‌లోకి దొర్లింది. బయటపడటానికి నాలుగు దెబ్బలు, మొత్తం తొమ్మిది. 1995లో జాక్ నిక్లాస్ అంతటివాడు పద్నాలుగో హోల్ మీది హెల్ బంకర్‌లో చిక్కి పది లెక్క వేసుకున్నాడు. అప్పటికే ఆయన ఇక్కడ రెండుసార్లు ఓపెన్ గెలిచినవాడు. 2000లో టైగర్ వుడ్స్ నాలుగు రోజుల్లో ఒక్క బంకర్‌లోనూ పడకుండా ఎనిమిది షాట్ల తేడాతో గెలిచాడు. ఆ గెలుపులో బలంకన్నా నాకు ఎక్కువగా కనబడేది పటం చదివినట్టు నేలను చదవడం.

ఈ నేలతో ఎలా మెలగాలో అమెరికన్ ఆటగాడు బాబీ జోన్స్‌కు తెలిసినంతగా మరొకరికి తెలియలేదేమో. 1921లో మొదటిసారి వచ్చినప్పుడు పదకొండో హోల్ దగ్గర విసిగిపోయి పోటీ నుంచే తప్పుకున్నాడు. 1927లో వచ్చి ఓపెన్ గెలిచాడు. 1958లో ఊరు ఆయనకు పౌరసత్వ గౌరవమిచ్చింది. అంతకుముందు ఆ గౌరవం అందుకున్న అమెరికన్ బెంజమిన్ ఫ్రాంక్లిన్.

ఊళ్లోకి వస్తే సౌత్ స్ట్రీట్‌లో మద్రాస్ కాలేజ్ అని పాతకాలపు బడి కట్టడం కనిపిస్తుంది. ఈ ఊళ్లో పుట్టిన ఆండ్రూ బెల్, తెలుగు జిల్లాలు కూడా మద్రాసు ఏలుబడిలోకి వస్తున్న రోజుల్లో అక్కడి అనాథ బాలుర ఆశ్రమంలో పనిచేశాడు. ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసి, తన బడిలోనూ ఇసుక పోయించాడు. పెద్దపిల్లలు చిన్నవాళ్లకు చెప్పే పద్ధతిని కూడా కలిపి బ్రిటన్‌కు తీసుకొచ్చాడు. ఆయన డబ్బుతోనే 1830లలో ఈ బడి వెలిసింది. గోల్ఫ్‌కూ దీనికీ సంబంధం లేదు కానీ, ఇసుక విలువ తెలిసిన ఊరు ఇంకే ఊరి పేరు పెట్టుకుంటుంది!

ఆడాలంటే చాలామందికి దారి లాటరీయే. రెండు రోజుల ముందు పేరు ఇస్తే చీటీ తీస్తారు, ఆటలో స్థాయిని చూపే హ్యాండిక్యాప్ ధ్రువపత్రం ఉండాలి. చీటీ తగలనివాళ్లు ఓల్డ్ కోర్స్ పక్కనే ఉన్న హిమాలయాస్‌కు వెళ్లొచ్చు. మహిళల కోసం 1867లో మొదలైన పట్టింగ్ క్లబ్బు మైదానం అది. ఎగుడుదిగుళ్లను చూసి ఆ పేరు పెట్టారు. కొద్ది పౌండ్లు కడితే పట్టర్, బంతి చేతికిస్తారు. ధ్రువపత్రం అడగరు. నేల మాత్రం అదే ఇసుక, అవే మలుపులు. నా సలహా అడిగితే, ఓల్డ్ కోర్స్ చీటీ తగిలినవాళ్లు కూడా ముందురోజు సాయంత్రం ఇక్కడే ఒక రౌండ్ ఆడాలి.